పోలయ్య తవ్విన దారి

మేఘాద్రి దుర్గం మాంత్రికుడి వశమై ఆనాటికి పదకొండు రోజులు. వైద్యుడి వేషంలో కోటలో అడుగుపెట్టిన తామ్రజటి ఒక్క ఝాములో కాపలా సైన్యాన్నంతటినీ మైకంలో ముంచి, శౌరిసేన మహారాజుకు సంకెళ్ళు వేశాడు. ఆ సాయంత్రం సూర్యుడు పడమటి కొండల వెనక్కు దిగే క్షణాన మహారాజును హోమగుండానికి బలి ఇస్తాడని, ఆ బలితో భూమి మీది నీళ్ళన్నీ వాడి మాట వింటాయని వేగులు వార్త తెచ్చారు. కోటకున్న ఏడు ద్వారాలకూ మంత్రకట్టు ఉంది. గోడలెక్కబోయిన వీరులు ఎక్కినవారు ఎక్కినట్లే శిలలైపోయారు. ఇక మిగిలింది ఒక్కటే దారి. అది భూమి లోపల ఉంది.

దుర్గానికి క్రోసెడు దూరంలో, కొండ అడుగున, ఏనుగుతొండం అనే గుహ ఉంది. కొండ కడుపులో పుట్టిన శీతఝరి ఆ గుహలోంచే వెలుగులోకి వచ్చేది. ఏడేళ్ళ క్రితం ఆ గుహ నోటిని పెద్ద పెద్ద బండలతో, సున్నంతో మూసేశారు. నీళ్ళు పోవడానికి అడుగున జానెడు తూము మాత్రం వదిలారు. ఆ రోజు పొద్దు పొడిచింది మొదలు ఇద్దరు మగవాళ్ళు ఆ గోడను పగలగొడుతున్నారు.

ఒకరు యువరాజు నీలకేతు. కోట పడిపోయిన నాడు వేటకు వెళ్ళి ఉండడంతో మాంత్రికుడికి చిక్కలేదు. రెండోవాడు బొల్లన. యువరాజుకు పాలిచ్చి పెంచిన దాది కొడుకు, మల్లయోధుడు. అతను సమ్మెట ఎత్తి కొట్టిన ప్రతిసారీ చెట్ల మీది పక్షులు లేచిపోతున్నాయి. కాస్త ఎడంగా డెబ్భై ఏళ్ళ మంత్రి వామనభట్టు నిలబడి ఉన్నాడు. ఎంత వద్దన్నా వినకుండా ఈ సాహసానికి బయలుదేరినవాడు ఆయన. కోటలోని పెద్ద బావి అడుగున, ఏరు వచ్చి కలిసేచోట ఇనప తలుపు ఒకటి ఉంది. దాని తాళంచెవి ఆయన మొలలో ఉంది.

నాలుగో మనిషి బయ్యమ్మ. ఆమె భర్త పోలయ్య బావులు తవ్వేవాడు. ఈ ఏటి గుండా కోటలోకి దారి కనిపెట్టి, రాళ్ళ మీద గుర్తులు చెక్కింది అతనే. ఆ గుర్తులు చదవగలిగిన మనిషి ఇప్పుడు లోకంలో ఆమె ఒక్కతే. పని పూర్తయిన నాడే పోలయ్య ఎవతెనో వెంటబెట్టుకుని దేశం దాటి పారిపోయాడని రాజభటులు ఊళ్ళో చాటింపు వేశారు. ఏడేళ్ళుగా ఆ మాటను మోస్తూ, పుట్టింటి గడప కూడా తొక్కకుండా, ఒంటరిగా బావుల్లో పూడిక తీసి బతుకుతున్నది బయ్యమ్మ.

మిట్టమధ్యాహ్నానికి గోడ కూలింది. చల్లటి గాలి బుసకొట్టినట్లు బయటికి వచ్చింది.

బయ్యమ్మ ముందుగా లోపలికి దూరింది. దూరినదల్లా ఆగి, గోడ లోపలి ముఖాన్ని చేత్తో తడిమింది. బండల మధ్య మూరెడు వెడల్పున గుంత తొలిచి ఉంది.

"ఈ గోడ ఎందుకు కట్టినారు అయ్యగారూ?"

"మృగాలు దూరకుండా, తల్లీ," అన్నాడు వామనభట్టు నీళ్ళవైపు చూస్తూ.

"లోపలి తట్టు ఉలితో కొట్టినట్టుందే!"

"నీళ్ళ ఒరిపిడి అయి ఉంటుంది. పద బయ్యమ్మా, పొద్దు ఆగదు," అని నీలకేతు తొందరపెట్టాడు. నిజంగానే అతను అలాగే అనుకున్నాడు.

నలుగురూ నడుములకు ఒకే మోకు కట్టుకున్నారు. ముందు బయ్యమ్మ, వెనక యువరాజు, ఆ వెనక మంత్రి, చివర సమ్మెటను వీపుకు బిగించుకుని బొల్లన. యువరాజు నుదుటిపట్టీలో జ్యోతిర్మణి వెలుగుతున్నది. నీళ్ళలో మునిగినా ఆరని ఆ మణిని దండకాటవిలో ఒక మునీశ్వరుడు అతనికి ప్రసాదించాడు. ఆ నీలి వెలుతురులో ఏరు నల్లగా, చప్పుడు లేకుండా పారుతున్నది. అడుగుపెట్టగానే చలి పాదాల్లోంచి ఎముకల్లోకి ఎక్కింది.

ఇరవై అడుగులు వేశాక బయ్యమ్మ ఎడమచేతి గోడ మీద మొదటి గుర్తు కనిపెట్టింది.

"నిలువు గీత ఒకటుంటే మోకాటి లోతు. రెండుంటే మొల లోతు. మూడుంటే గొంతు దాకా. అడ్డగీత ఉంటే తల ముంచాల. చుక్క ఎటుంటే అటు తిరగాల," అని చెప్పింది.

"కింద ఈ బొమ్మ ఏమిటి?" అన్నాడు నీలకేతు.

ప్రతి గుర్తు కిందా బొటనవేలంత తేలు బొమ్మ చెక్కి ఉంది. బయ్యమ్మ తన కుడిచేతిని వెలుతురులోకి చాపింది. మణికట్టు పైన అదే తేలు, పచ్చబొట్టు.

"నా చేతిది చూసి చెక్కినాడు. పారిపోయే మనిషికి ఇన్ని తేళ్ళు చెక్కే ఓపిక యాడిదో," అని ముందుకు కదిలింది. ఆమె గొంతులో కోపం ఎంతో, ఇంకేదో కూడా అంతే ఉంది.

మోకాటి లోతు మొల లోతైంది. మొల లోతు గొంతు దాకా వచ్చింది. గుహ కప్పు కిందికి దిగుతూ దిగుతూ చివరికి నీటికీ రాతికీ మధ్య నాలుగు వేళ్ళ సందు మాత్రమే మిగిలింది. నలుగురూ వెల్లకిలా తిరిగి, ముక్కులు కప్పుకు ఆనించి, చేతులతో రాయిని నెట్టుకుంటూ పాకసాగారు. నోట్లోకి నీళ్ళు పోతున్నాయి. ముసలి మంత్రి పళ్ళు కటకట కొట్టుకునే చప్పుడు రాతిలో మోగుతున్నది.

ఆ సందు మధ్యలో రెండు బండలు దగ్గరికి చేరి ద్వారబంధంలా ఉన్నాయి. ముగ్గురు దాటారు. నాలుగోవాడి దగ్గర మోకు బిగుసుకుపోయింది.

"దొరా! ఇరుక్కున్నా! ముందుకూ లేదు వెనక్కూ లేదు!" అని బొల్లన అరిచాడు. పది ఊళ్ళ మల్లులను మట్టి కరిపించిన మనిషి చిన్నపిల్లవాడిలా ఏడుస్తున్నాడు. అతను గింజుకున్నకొద్దీ నీళ్ళు అలలై అందరి ముక్కులూ మూస్తున్నాయి.

బయ్యమ్మ వెనక్కు పాకి, చీకట్లో అతని చెంప మీద చెయ్యి వేసింది.

"తమ్ముడూ, గింజుకోవద్దు. ఊపిరి బిగబట్టినావు నువ్వు. వదిలెయ్. లోపలున్న గాలంతా వదిలెయ్."

"వదిలితే చస్తానక్కా!"

"చావవు. నా మొగుడు నీ అంత మనిషే. ఈ సందులో దూరినాడు, మళ్ళీ వచ్చినాడు. ఛాతీ మెత్తగా చేసుకో. నేను మూడు లెక్కబెట్టేలోగా లాగేస్తా. ఒకటి..."

బొల్లన కళ్ళు మూసుకుని ఊపిరంతా వదిలాడు. బయ్యమ్మా, యువరాజూ కలిసి మోకు లాగారు. ఛాతీ మీది చర్మం చీలికలై, నెత్తురు నీళ్ళలో కలుస్తుండగా అతను ఇవతలికి వచ్చి పడ్డాడు. రాగానే బయ్యమ్మ పాదాలు పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుని, "కదులు, చలికి కాళ్ళు పట్టేస్తాయి," అంది.

కొంతదూరం పోయేసరికి కప్పు హఠాత్తుగా ఎగిరిపోయినట్లయింది. జ్యోతిర్మణి వెలుగు చుట్టూ పాకింది. అది ఏ విశ్వకర్మా ఏ రాజు కోసమూ కట్టని సభామండపం. వెన్నలా తెల్లని రాతి స్తంభాలు నేల నుంచి లేచి, కప్పు నుంచి దిగిన స్తంభాలతో కొసలు కలుపుకుని నిలబడి ఉన్నాయి. గోడల మీద రాయి తెరలు తెరలుగా జారి, మడతలు పడి, పట్టుచీరల అంగడిలా ఉంది. ఒక మూల రాతి ముత్యాలు, ఒక మూల రాతి తామరలు, ఇంకోచోట ఆవు పొదుగుల్లా వేలాడే శిలల కొసన ఒక్కొక్క నీటిబొట్టు. ఆ బొట్టు మడుగులో పడినప్పుడల్లా వీణ తీగ ఒకటి మీటినట్లు మోగుతున్నది. మడుగులో కళ్ళు లేని తెల్లచేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. వెలుతురంటే ఏమిటో ఎరగని చోట ఇంత అందం ఎవరి కోసమో!

"ఇంత దూరం వచ్చి, ఇంత చూసి, ఇంటికొచ్చి నాతో ఒక్క ముక్క చెప్పలేదే!" అంది బయ్యమ్మ.

మంత్రి తల వంచుకున్నాడు.

అంతలో మడుగులోని చేపలు చెల్లాచెదరయ్యాయి. ఎదర ఏటి మలుపులోంచి ఎర్రని దారాలు నీటి మీద తేలుతూ వస్తున్నాయి. ఒకటి, పది, వంద. రాగి తీగల్లాంటి వెంట్రుకలు! అవి వాటంతట అవే అటూ ఇటూ వెతుకుతూ సాగుతున్నాయి. ఒక చేప తోక ఒక వెంట్రుకకు తగిలింది. మరుక్షణం వెంట్రుకలన్నీ దాన్ని చుట్టేసి మలుపులోకి ఈడ్చుకుపోయాయి.

"తామ్రజటి జటలు! వాడు పెద్ద బావిలోకి జుట్టు విప్పి, ఇనప తలుపు సందుల్లోంచి వదిలాడు. ఏటి దారి వాడికి తెలిసిపోయింది!" అన్నాడు వామనభట్టు.

అంటుండగానే ఆయన ఉత్తరీయపు కొసను ఒక జట అందుకుంది. నీలకేతు కత్తి దూసి వేటు వేశాడు. కత్తి ఖంగుమని తుళ్ళి, అంచు మొక్కపోయింది. జట చెక్కుచెదరలేదు. బొల్లన ముసలాయన నడుము పట్టుకుని వెనక్కు గుంజితే, ఉత్తరీయం జారి ఊడిపోయి జట వెంట మలుపులో మాయమైంది. అది ఇంకాసేపట్లో మాంత్రికుడి చేతికి చేరుతుంది. ఎవరో వస్తున్నారని వాడికి తెలిసిపోతుంది. ఇనప తలుపు దారి ఇక మూసుకుపోయినట్లే.

"ఇటు! పైకి చూడండి!" అని కేక పెట్టింది బయ్యమ్మ.

మండపం కుడిగోడ మీద, మనిషి ఎత్తున, ఇంకో తేలు బొమ్మ ఉంది. మిగిలినవాటిలా తీర్చినది కాదు. వంకర టింకరగా, కాళ్ళు ఒకదాని మీద ఒకటి పడి, చూడకుండా చెక్కినట్లుంది. దాని పక్కన మనిషి పట్టేంత కంత. నలుగురూ మోకు విప్పేసి, ఒకరినొకరు ఎక్కించుకుని ఆ కంతలోకి దూరారు. కింద నీళ్ళ మీద జటలు మెలికలు తిరుగుతూ గోడను తడుముతున్నాయి.

అది నీళ్ళు తొలిచిన దారి కాదు. మనిషి తొలిచింది. అడుగడుగునా ఉలి దెబ్బలు. మోకాళ్ళ మీద పాకితే తప్ప పట్టదు. వాలుగా పైకి పోతున్నది. మొదట్లోనే చేపముళ్ళ కుప్ప ఒకటి కనిపించింది. ఆ తరువాత గోడ మీద వరసగా గీతలు. చీకట్లో వేలితో తడిమి లెక్కపెట్టుకోవడానికి వీలుగా లోతుగా తొలిచిన గీతలు. ఏడు గీతలకొకసారి ఒక తేలు.

బయ్యమ్మ పాకుతూ వేలితో ఒక్కొక్క గీతనే తడుముతున్నది. మొదట పైకి లెక్కపెట్టింది. నూరు దాటాక ఆమె గొంతు ఆగిపోయింది. వేలు మాత్రం ఆగలేదు.

రెండువందల పన్నెండో గీత దగ్గర సొరంగం అయిపోయింది.

అక్కడ నలుగురు కూర్చునేంత గది తొలిచి ఉంది. చివరి గోడకు చెంప ఆనించి, కాళ్ళు ముడుచుకుని, ఒక మనిషి ఎముకలు కూర్చుని ఉన్నాయి. నడుముకు వెండి మొలతాడు. ఒళ్ళో బొటనవేలంత మిగిలిన ఉలి. పక్కన పిడి విరిగిన సుత్తి.

బయ్యమ్మ ఏడవలేదు. మొలతాడు ముడిని వేళ్ళతో తడిమింది. ఆ ముడి ఆమె వేసిందే. వెనక్కు తిరగకుండానే అడిగింది.

"అయ్యగారూ. గుహ నోటికి ఆ గోడ ఎప్పుడు కట్టినారు?"

"ఏడేళ్ళ కింద. జ్యేష్ఠమాసంలో, తల్లీ."

"నా మొగుడు దేశం వదిలి పోయింది ఎప్పుడు?"

వామనభట్టు పోలయ్య ఎముకల వైపు చూశాడు. "అదే రోజు."

"భట్టుగారూ!" అన్నాడు నీలకేతు. అతని ముఖం మణి వెలుగులో బూడిదరంగుకు తిరిగింది.

"ఇక దాచను. కోటలోకి రహస్యమార్గం తెలిసినవాడు బయట తిరగకూడదని మహారాజు అన్నారు. చంపడానికి ఆయనకు మనసొప్పలేదు. చివరి గుర్తు ఒకటి చెక్కి రమ్మని లోపలికి పంపి, ఇటు గోడ, అటు ఇనప తలుపు..."

"చంపడానికి మనసొప్పలేదా?" అంది బయ్యమ్మ.

ఆమె మంత్రి వైపు తిరిగింది.

"నువ్వు యాడున్నావు అప్పుడు?"

"గోడ బయట. ఆఖరి రాయి పెట్టేదాకా నిలబడ్డాను. లోపలి నుంచి సుత్తి చప్పుడు వినిపించింది. మేస్త్రీలు పని ఆపి నా ముఖం చూశారు. కానివ్వండి అన్నాను." ముసలాయన రెండు చేతులూ నేలకు ఆనించాడు. "ఆనాటి నుంచి సుత్తి చప్పుడు వింటే నాకు అన్నం దిగదు. చాటింపు రాసింది కూడా నేనే, తల్లీ. నిన్ను క్షమించమని అడగను."

"రెండువందల పన్నెండు," అంది బయ్యమ్మ. "దీపం లేకుండా. పచ్చిచేపలు తిని. వాడు ఇక్కడ గీతలు గీసుకుంటా ఉంటే, నేను ఊళ్ళో వాడిని తిట్టుకుంటా ఉన్నా. నీ కాళ్ళు పడిపోనూ అని తిట్టినా. ఆ కాళ్ళు చూడు ఎట్లా ముడుచుకున్నాడో."

నీలకేతు ఆమె ముందు మోకరిల్లాడు. "నాకు తెలియదక్కా."

"తెలిస్తే ఏం చేసేవాడివి దొరా?"

అబద్ధం చెప్పడం సులువే. "అప్పుడు నాకు పదిహేనేళ్ళు. నాన్నగారి మాటకు ఎదురు చెప్పి ఎరగను. ఏం చేసేవాడినో నాకు తెలియదు," అన్నాడు.

బయ్యమ్మ అతని ముఖంలోకి చూసింది. ఆ చీకటి రాజ్యంలో ఆమె విన్న మొదటి నిజమైన మాట అదే కాబోలు, చూపు కొంచెం మెత్తబడింది.

"నేనిప్పుడు ఇక్కడే కూర్చుంటే మీ నాయన పొద్దు గూకేటప్పటికి బూడిదైపోతాడు. కూర్చోవాలనే ఉంది. కానీ వీడు ఇంత తవ్వినాడు. ఇది యాడికీ పోని దారిగా మిగిలిపోతే వీడి కష్టం ఎవరికి తెలుస్తుంది?" అని ఆగింది. "ఒక మాట అడుగుతా. మీ నాయన సంకెళ్ళు ఊడదీసినాక, నా మొగుణ్ణి ఆయన ముందర పెట్టాల. ఊరంతా వినేటట్టు ఆయన నోటితోనే చెప్పాల, పోలయ్య పారిపోలేదని. నా పెళ్ళాన్ని విడిచిపెట్టలేదని వాడు చెప్పుకోలేడు గదా ఇప్పుడు."

"చెప్పిస్తాను. ఆయన చెప్పకపోతే నేను చెబుతాను. చెప్పి, ఆ సింహాసనం ఎక్కనని కూడా చెబుతాను."

నీలకేతు తన జరీ ఉత్తరీయం విప్పి నేల మీద పరిచాడు. బయ్యమ్మ ఒక్కొక్క ఎముకనూ ఎత్తి, చీర కొంగుతో తుడిచి, అతని చేతికిచ్చింది. యువరాజు వాటిని వరసగా పేర్చి, మూట కట్టి, తన వీపుకు బిగించుకున్నాడు. బొల్లన సాయం చెయ్యబోతే, "ఇది నేనే మొయ్యాలి," అన్నాడు.

పోలయ్య చెంప ఆనించిన చోట రాయి నున్నగా అరిగి ఉంది. బయ్యమ్మ అక్కడే తన చెంప ఆనించింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"గిలక! బావి గిలక తిరుగుతా ఉంది!"

నీలకేతు కూడా చెవి పెట్టాడు. కిర్రు... కిర్రు... రాతి అవతల ఎవరో నీళ్ళు తోడుతున్నారు. అది కోటలోని వంటశాల బావి. ఆ చప్పుడునే దారి చేసుకుని, చీకట్లో, దాని వైపే తొలుచుకుంటూ వచ్చాడు పోలయ్య. బయ్యమ్మ అరచేత్తో రాతిని కొట్టి చూసింది. బోలుగా పలికింది. "మూరెడు. అంతకన్నా లేదు," అంది. ఆ మూరెడు ముందర అతని ఊపిరి అయిపోయింది.

"తప్పుకోండి," అని బొల్లన సమ్మెట విప్పాడు. ఇరుకులో కూర్చునే కొట్టాలి. మొదటి దెబ్బకు రాయి పెళ్ళ లేచింది. రెండో దెబ్బ వెయ్యకముందే కింద ఎక్కడో ఉరుము ఉరిమినట్లయింది.

"నీళ్ళు!" అన్నాడు వామనభట్టు. ఆయన అందరికన్నా కింద, సొరంగం మొదటి వైపు కూర్చుని ఉన్నాడు. "తామ్రజటి కోటలోని కోనేటి తూములు ఏట్లోకి ఎత్తేశాడు. ఉత్తరీయం చేరినట్లుంది."

నల్లటి నీరు సొరంగంలో పైకి పాకింది. చూస్తుండగా మంత్రి మోకాళ్ళు మునిగాయి. ఆ నీటి మీద రాగి దారాలు మెరిశాయి. బొల్లన పిచ్చిపట్టినట్లు కొడుతున్నాడు. ఛాతీ గాయం మళ్ళీ విచ్చుకుని నెత్తురు కారుతున్నది.

వామనభట్టు ఒక్కసారి కేక పెట్టాడు. ఆయన రెండు కాళ్ళనూ జటలు చుట్టేశాయి. బయ్యమ్మ ముందుకు ఉరికి ఆయన చెయ్యి పట్టుకుంది.

"వదిలెయ్యి తల్లీ! నేను గోడ బయట నిలబడ్డవాణ్ణి. లోపలి వైపు ఎలా ఉంటుందో చూశాను. చాలు."

"వదలను! ఇక్కడ ఒకరు పోయింది చాలు. పట్టుకో, గట్టిగా పట్టుకో ముసలాయనా!"

నీలకేతు ఆమె నడుము పట్టుకుని వెనక్కు గుంజాడు. ఇద్దరి బలమూ ఆ జటల ముందు గడ్డిపోచ. ముసలి వేళ్ళు ఆమె వేళ్ళలోంచి ఒక్కొక్కటే జారాయి. ఆమె గోళ్ళు విరిగాయి. చివరికి ఆయన ముఖం నీటి కిందికి పోయింది. తెల్లటి జుట్టు ఒక్క క్షణం నీటి మీద తేలి అదీ పోయింది. ఆయన పోయిన చోట సుడి ఒకటి తిరిగి, మళ్ళీ నున్నగా అయింది.

బయ్యమ్మ తన ఖాళీ చేతుల్లోకి చూసుకుంది. భర్త ఎముకల ముందు ఆపుకున్న ఏడుపుకు ఇప్పుడు కట్ట తెగింది. తన మొగుణ్ణి పాతిపెట్టినవాడి కోసం, పోలయ్య కోసం, ఏడేళ్ళ తిట్ల కోసం, అన్నింటికీ కలిపి ఒక్కసారే గుండెలు బాదుకుని ఏడ్చింది. బాల్యంలో తనకు అక్షరాలు దిద్దించిన మనిషిని తలుచుకోవాలో, అసహ్యించుకోవాలో నీలకేతుకు తెలియలేదు. కన్నీళ్ళు మాత్రం వాటంతట అవే కారుతున్నాయి.

నీళ్ళు వాళ్ళ నడుముల దాకా వచ్చాయి. జటలు రెండో వేట కోసం మళ్ళీ పైకి తేలుతున్నాయి.

"దొరా!" అని బొల్లన గావుకేక పెట్టి ఆఖరి దెబ్బ వేశాడు. రాయి అవతలికి విరిగిపడింది. ఎక్కడో కింద నీళ్ళలో బుడుంగుమంది. ఆ కంతలోంచి సాయంత్రపు వెలుగు, ఎర్రగా, మసగ్గా లోపలికి వచ్చి ముగ్గురి ముఖాల మీద పడింది. దానితోపాటే పైనుంచి నగారా మోత. బలికి తొలి నగారా మోగుతున్నది.

నీలకేతు తల బయటపెట్టి చూశాడు. రాతితో కట్టిన లోతైన బావి. సొరంగపు నీరు కంతలోంచి దూకుతుంటే కింద నీళ్ళు వేగంగా ఉబుకుతున్నాయి. పైన గుండ్రటి ఆకాశం. బావి గట్టు మీద నుంచి ఒక నడివయసు స్త్రీ చేంతాడు పట్టుకుని కిందికి చూస్తున్నది. కాలికి సంకెల, ముఖం నిండా మసి. కోట వంటశాలలో చెరబడిన దాసి. బావి గోడలోంచి మొలిచిన మనిషి తలను చూసి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అరవలేదు. నుదుటి మణిని, ముఖాన్ని గుర్తుపట్టింది. వెనక్కు తిరిగి మాంత్రికుడి కాపలావాళ్ళ వైపు ఒకసారి చూసి, బొక్కెనను కిందికి వదిలింది.

"మహారాజును స్నానానికి తీసుకుపోయినారు బాబూ," అని గుసగుసగా అంది. "నీళ్ళు తీసుకురమ్మని నన్ను తోలినారు. బేగి రండి. ఎంతమందున్నారు?"

బొల్లన ఆయాసపడుతూ, "ముగ్గురం," అన్నాడు.

వీపు మీది మూటను ఒకసారి సరిచేసుకుని, నీలకేతు చేంతాడు అందుకున్నాడు.

"నలుగురం," అన్నాడు.

బయ్యమ్మ చెంపలు తుడుచుకుని కంతలోంచి బయటికి వంగింది. చేంతాడు బిగిసింది. గిలక మళ్ళీ కిర్రుమంది. కింద, ఉబుకుతున్న నీటి మీదికి, మొదటి రాగి వెంట్రుక తేలి వచ్చింది.